హెడ్‌లైట్ బల్బులు, ఎల్ఈడీ కిట్లు, గ్లాసు పాలిష్ కిట్లు: ఏది కొనాలి, ఏది వద్దు

రాత్రి రోడ్డు సరిగా కనపడటం లేదంటే ఎవరి చూపైనా ముందు బల్బు మీదికే పోతుంది. అట్టపెట్టెల మీద 150 శాతం, 200 శాతం అని పెద్ద అంకెలు కనపడతాయి కాబట్టి చెయ్యి కూడా అటే వెళ్తుంది. కానీ హెడ్‌లైట్ వెలుగు తగ్గడానికి కారణాలు నాలుగు. గ్లాసు పసుపెక్కి ఉండొచ్చు. బల్బు దాకా పూర్తి వోల్టేజి చేరకపోవచ్చు. లైటు వాలు తప్పి ఉండొచ్చు. ఇవేవీ కాకపోతే అప్పుడు బల్బు పాతబడి ఉండొచ్చు. మొదటి మూడింటినీ అలాగే వదిలేసి ఎంత ఖరీదైన బల్బు తెచ్చి పెట్టినా పెద్ద తేడా తెలియదు. అందుకే ఈ సమీక్షలో బల్బుల కంటే ముందు గ్లాసు కిట్లు, రిలే వైరింగ్ వస్తాయి.

అసలు లో బీమ్ (ఎదుటివాళ్ల కళ్లలో పడకుండా కిందికి వంచిన వెలుగు) ఎంత దూరం చూపించగలదో తెలిస్తే పెట్టె మీది మాటల్ని ఎంతవరకు నమ్మాలో తేలిపోతుంది. నేల నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న హెడ్‌లైట్‌ను 1 శాతం వాలుకు సరిచేస్తే, వెలుగు పై అంచు ప్రతి 10 మీటర్లకు 10 సెంటీమీటర్లు దిగుతూ 65 మీటర్ల దగ్గర నేలను తాకుతుంది. చాలా దేశాల్లో వాడే లైట్లలో రోడ్డు అంచు వైపు వెలుగు 15 డిగ్రీల వాలుతో పైకి లేస్తుంది కనుక ఆ పక్క ఇంకాస్త దూరం కనపడుతుంది. ఎదురు వాహనాలు వచ్చే వైపు మాత్రం అంతే. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కాలు బ్రేకు మీదికి చేరడానికి ఒకటిన్నర సెకను పట్టిందనుకుంటే, ఆలోపే కారు 33 మీటర్లు పోతుంది. పొడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే ఆగడానికి ఇంకో 35 మీటర్లు. మొత్తం 68. అంటే అన్నీ సవ్యంగా ఉన్న లో బీమ్ కూడా 80 దగ్గరే చేతులెత్తేస్తుంది. వాలు 1.5 శాతానికి జారిందంటే ఆ 65 మీటర్లు 43 అవుతాయి, అది 60 వేగానికి కూడా చాలదు. ఏ బల్బు పెట్టినా ఈ లెక్క మారదు. ఎదురుగా ఎవరూ లేనప్పుడు హై బీమ్ వేసుకోవడం పైసా ఖర్చు లేని మందు, కానీ చాలామంది దాన్ని వాడనే వాడరు.

గ్లాసు పాలిష్ కిట్లు

గ్లాసు అంటాం గానీ ఇప్పటి కార్లలో అది గాజు కాదు, పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్. రాయి తగిలితే తొందరగా పగలదు, బరువు ఉండదు. కానీ ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడితే పసుపెక్కి పొడిబారుతుంది. అందుకే ఫ్యాక్టరీలో దాని మీద ఆ కిరణాలను ఆపే గట్టి పూత, అంటే యూవీ పూత, వేస్తారు. ఏళ్ల తరబడి ఎండలో నిలబడిన కారులో ముందు ఆ పూత పగుళ్లిచ్చి పొరలుగా లేస్తుంది, తర్వాత ప్లాస్టిక్ దెబ్బతింటుంది. అమెరికాలోని వాహనదారుల సంఘం ట్రిపుల్ఏ 2018లో పరీక్షిస్తే, బాగా మసకబారిన హెడ్‌లైట్లు కొత్తవాటి వెలుగులో దాదాపు ఐదో వంతే ఇచ్చాయి. ఇంత నష్టాన్ని ఏ బల్బూ పూడ్చలేదు. పైగా మసక గ్లాసు వెలుగును చెదరగొట్టి ఎదుటివాళ్ల కళ్లలో కూడా పోస్తుంది.

దొరికే కిట్లు రెండు రకాలు. ఒకటి, పేస్టు ఒక్కటే ఇచ్చి రుద్దుకోమనేది. రెండోది, వాటర్ పేపర్లు, పాలిష్, చివర్లో వేసే యూవీ పూత అన్నీ ఇచ్చేది. కొనదగ్గది రెండోదే. పేస్టుతో రుద్దితే ఆ పూట మెరుస్తుంది, కానీ మిగిలి ఉన్న పాత పూత కూడా పోయి కొన్ని నెలల్లో మునుపటికంటే ఎక్కువ పసుపెక్కుతుంది. టూత్‌పేస్టు చిట్కా కూడా ఇదే కోవ. దోమల మందు స్ప్రే కొట్టి తుడిస్తే తళతళలాడుతుందని చెప్పేది ఇంకా అన్యాయం: అందులోని డీట్ ప్లాస్టిక్ పై పొరను కరిగిస్తుంది, అందుకే కాసేపు నున్నగా కనపడుతుంది. థిన్నర్, అసిటోన్ తగిలితే పాలికార్బొనేట్ లోపలి దాకా సన్నని పగుళ్లు పడతాయి, వాటికి ఇక మందు లేదు.

సిల్వేనియా కిట్ చేత్తో చేసేది. ముతక నుంచి నున్న దాకా వాటర్ పేపర్లు, పాలిష్, యూవీ పూత కలిసి వస్తాయి. 3ఎం కిట్ డ్రిల్లుకు తగిలించేది, పి500, పి800 నంబరు గరుకు డిస్కుల తర్వాత నున్నని పి3000 తడి ప్యాడ్ ఉంటుంది. పని తొందరగా అవుతుంది. అయితే ఈ డ్రిల్లు కిట్లలో కొన్నింటిలో పూత వస్తుంది, కొన్నింటిలో రాదు, కొనేముందు పెట్టె మీద చూసుకోవాలి. డ్రిల్లు నిమిషానికి 1,500 చుట్లకు మించి తిప్పినా, ఒకే చోట ఆపి ఉంచినా ప్లాస్టిక్ వేడెక్కి మెత్తబడి గీతలు పడతాయి. చెయ్యి తిరగనివాళ్లకు చేత్తో చేసే కిట్టే మంచిది.

పని ఇలా జరగాలి. హెడ్‌లైట్‌ను సబ్బునీళ్లతో కడిగి, చుట్టూ పెయింటు మీద మాస్కింగ్ టేపు రెండు వరసలు వేయాలి. పూత బాగా లేచిపోయి ఉంటే 500 లేదా 600 నంబరు వాటర్ పేపరుతో మొదలు, కాస్త మసక మాత్రమే ఉంటే 1000తో మొదలు. పేపరు, గ్లాసు రెండూ ఎప్పుడూ తడిగా ఉండాలి. మొదటి నంబరుతో అడ్డంగా రుద్దితే, తర్వాతిదానితో నిలువుగా రుద్దాలి. అప్పుడే పాత గీతలన్నీ పోయాయో లేదో కంటికి తెలుస్తుంది. 800, 1000, 1500, 2000 అలా నంబరు పెంచుకుంటూ పోవాలి, మధ్యలో ఒకటి దాటేస్తే ముతక గీత చివరిదాకా మిగులుతుంది. మొదట్లో కారే నీళ్లు పసుపుగా ఉంటాయి, అవి పాల తెలుపుకు మారేదాకా మొదటి నంబరు వదలకూడదు. ఎక్కువ మంది చెడగొట్టుకునేది ఇక్కడే. పాత పూత అక్కడక్కడ మిగిలిపోతే కొత్త పూత కింద అట్లాసు పటంలా మచ్చలు కనపడతాయి.

నున్నగా వచ్చాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, నీడలో పూత వేయాలి. పూతను ఒకే దిశలో, ఒక్క గీతగా లాగాలి. వెనక్కి వచ్చి సరిచేయబోతే చారలు పడతాయి. పూత వేసిన రోజంతా నీళ్లు తగలనీయకూడదు. తుడిచే రకం పూతలు ఒకటి రెండేళ్లు నిలుస్తాయి. రెండు భాగాలు కలిపి కొట్టే స్ప్రే క్లియర్ కోట్ అంతకంటే గట్టిది. కానీ దానిలో ఐసోసయనేట్లు ఉంటాయి, తగిన ఫిల్టరు మాస్కు లేకుండా కొట్టడం ఊపిరితిత్తులకు ప్రమాదం.

మసక లోపలి వైపు ఉంటే ఏ కిట్టూ పనికిరాదు. అలాగే లోపలి రిఫ్లెక్టరు వెండిపూత మాడి బూడిదరంగులోకి మారిందంటే మొత్తం హెడ్‌లైట్ మార్చడమే. బల్బు తీసిన రంధ్రంలోంచి టార్చి వేసి చూస్తే అర నిమిషంలో తెలిసిపోతుంది. రిఫ్లెక్టరును వేలితో గానీ గుడ్డతో గానీ తుడవకూడదు, పూత అద్దం మీది ఆవిరంత పలచన.

రిలే వైరింగ్ కిట్లు

రిలే అంటే డ్యాష్‌బోర్డు స్విచ్ సైగ చేస్తే బ్యాటరీ నుంచి బల్బుకు నేరుగా కరెంటు కలిపే చిన్న స్విచ్. ఇది పాత కార్ల సంగతి. హాలోజన్ (ఫిలమెంటు ఉండే) బల్బు వెలుగు వోల్టేజితో పాటు అంతే తగ్గదు, దాదాపు వోల్టేజి మూడున్నర ఘాతం లెక్కన పడిపోతుంది. 13.2 వోల్టుల దగ్గర నూరు పాళ్లు వెలుగు ఇచ్చే బల్బు 12 వోల్టుల దగ్గర 72 పాళ్లే ఇస్తుంది. కరెంటంతా డ్యాష్‌బోర్డు స్విచ్ గుండా, సన్నని తీగల గుండా తిరిగివచ్చే కార్లలో ఒక వోల్టు దారిలోనే ఆవిరవడం మామూలే.

కొనేముందు కొలవాలి. ఇంజను ఆన్‌లో ఉంచి లో బీమ్ వేసి, మల్టీమీటరుతో ముందు బ్యాటరీ దగ్గర, తర్వాత బల్బు తగిలించి ఉండగానే హోల్డరు వెనక పిన్నుల దగ్గర చూడాలి. తేడా అర వోల్టు లోపు ఉంటే రిలే కిట్ మీద పెట్టే డబ్బు వృథా. ఒక వోల్టు దాటితే పనుంది. ఎర్త్ (కారు బాడీ గుండా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగిపోయే దారి) వైపు ఎంత పోతోందో కూడా విడిగా చూడాలి: బల్బు ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య 0.2 వోల్టుల కంటే ఎక్కువ కనపడితే, తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు విప్పి, ఎమరీ పేపరుతో గీకి, బిగిస్తే చాలు. కొన్ని కార్లకు ఇంతటితోనే రోగం కుదురుతుంది.

కిట్ కొంటే చూడాల్సినవి: లో బీమ్‌కు ఒకటి, హై బీమ్‌కు ఒకటి, రెండు రిలేలు ఉండాలి. తీగ 2.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకూడదు. హోల్డరు సిరామిక్‌ది అయితే మేలు. ఫ్యూజు బ్యాటరీకి అతి దగ్గరగా ఉండాలి. రిలే పిన్నుల మీద నంబర్లు ఉంటాయి. తగిలించేటప్పుడు బ్యాటరీ పాజిటివ్ నుంచి ఫ్యూజు మీదుగా వచ్చే తీగ 30కి, బల్బుకు పోయేది 87కి, కారు పాత హెడ్‌లైట్ తీగ 86కి, ఎర్త్ 85కి. కొన్ని జపాన్ కార్లలో స్విచ్ ఎర్త్ వైపు తెంపుతుంది, అక్కడ మామూలు కిట్ పనిచేయదు. కంప్యూటరే బల్బును నడిపే కొత్త కార్లలో దీన్ని అసలు పెట్టకూడదు. ఆ కరెంటు సెకనుకు అనేకసార్లు ఆగి ఆగి వస్తుంది, రిలే టకటకమని కొట్టుకుంటుంది, డ్యాష్‌బోర్డులో హెచ్చరిక దీపం వెలుగుతుంది.

హాలోజన్ బల్బులు

ముందు రకం తెలుసుకోవాలి, అది బల్బు అంచు మీదా, హెడ్‌లైట్ వెనక ప్లాస్టిక్ మీదా అచ్చేసి ఉంటుంది. హెచ్4లో రెండు ఫిలమెంట్లు ఉంటాయి, హై బీమ్‌కు 60 వాట్లు, లో బీమ్‌కు 55. హెచ్7, హెచ్11 ఒక్క ఫిలమెంటువి, 55 వాట్లు. 13.2 వోల్టుల దగ్గర హెచ్7 సుమారు 1,500 ల్యూమెన్లు (బల్బు ఇచ్చే మొత్తం వెలుగు కొలత), హెచ్11 సుమారు 1,350, హెచ్4 లో బీమ్ కేవలం 1,000. హెచ్4లో లో బీమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు గిన్నె ఉండి, కిందికి పోయే వెలుగును అడ్డుకుంటుంది. రిఫ్లెక్టరులో సగమే పనిలో ఉంటుంది. హెచ్4 ఉన్న కార్లు లో బీమ్‌లో వెనకబడి ఉండటానికి ఇదే కారణం. మంచి బల్బు పెడితే తేడా ఎక్కువగా కనపడేది కూడా వీటిలోనే.

ఫిలిప్స్ రేసింగ్ విజన్ జీటీ200, ఆస్రామ్ నైట్ బ్రేకర్ 200 లాంటివి ఎక్కువ వెలుగు రకాలు. వాట్లు అవే 55. ఫిలమెంటును ఇంకా బిగువుగా చుట్టి, అనుకున్న చోటే కచ్చితంగా నిలబెట్టి, లోపల జెనాన్ లాంటి వాయువును ఎక్కువ ఒత్తిడితో నింపుతారు. దానివల్ల వెలుగు చెదరకుండా దూరంగా, రోడ్డు అంచున చేరుతుంది. అయితే పెట్టె మీది 200 శాతం అంటే మొత్తం వెలుగు మూడింతలని కాదు. చట్టం కోరే కనీసంతో పోల్చి, వెలుగు ముద్దలో ఎంచుకున్న ఒక చోట కొలిచిన అంకె అది. మామూలు మంచి బల్బు కూడా ఆ కనీసానికి ఎంతో పైనే ఉంటుంది. కాబట్టి కంటికి తెలిసే తేడా ఉంటుంది, అద్భుతం ఉండదు. ఆయుష్షు మామూలు బల్బులో సగమో అంతకంటే తక్కువో. రాత్రి ఊరి బయట నడిపేవాళ్లకు ఈ డబ్బు దండగ కాదు. పగలు కూడా లో బీమ్ వెలిగే కారయితే కొన్ని నెలలకే మాడిపోతాయి, వద్దు.

దీనికి సరిగ్గా ఎదురు కొస ఫిలిప్స్ లాంగ్‌లైఫ్ ఎకోవిజన్, ఆస్రామ్ అల్ట్రా లైఫ్. ఫిలమెంటు కాస్త తక్కువ వేడితో మండుతుంది, వెలుగు ఒకింత పసుపు, ఒకింత తక్కువ. బల్బు మార్చడానికి బంపరు విప్పాల్సిన కార్లు ఉన్నాయి, అలాంటిది వీధి దీపాల వెలుగులోనే తిరిగే కారయితే దానికి ఇవే సుఖం.

నీలం పూసిన తెల్ల బల్బులు కొనకండి. వెలుగు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ పసుపు పోయి తెలుపు, నీలం వస్తాయి. హాలోజన్ ఫిలమెంటు వెలుగు దాదాపు 3,200 కెల్విన్. దాన్ని 4,500 లేదా 5,000గా కనపడేలా చేయాలంటే పసుపు, ఎరుపు భాగాన్ని నీలం పూత మింగేయాలి. మింగినదంతా నష్టమే. పేరున్న కంపెనీలు ఫిలమెంటును ఎక్కువ మండించి ఆ లోటు కొంత పూడుస్తాయి, దానికి మూల్యం ఆయుష్షు. గాజంతా నీలంగా ఉండే చవక సరుకయితే వానలో రోడ్డు మాయమైనట్టే ఉంటుంది. ఎక్కువ వెలుగు బల్బుల్లో కూడా నీలం పట్టీ ఉంటుంది గానీ, దాన్ని ఫిలమెంటు ముందు ఖాళీ వదిలి వేస్తారు.

100/90 వాట్ల హెచ్4 గురించి రెండు మాటలు చాలు. ఒక్కో బల్బు 8 ఆంపియర్లకు పైగా లాగుతుంది, హోల్డరు కరుగుతుంది, రిఫ్లెక్టరు మాడుతుంది, ప్లాస్టిక్ గ్లాసు లోపలి నుంచి పసుపెక్కుతుంది. చాలా దేశాల్లో రోడ్డు మీద వాడటానికి అనుమతి లేదు.

బల్బు మార్చేటప్పుడు గాజుకు వేలు తగలకూడదని అందరూ అంటారు, కారణం తక్కువ మంది చెబుతారు. వేలి జిడ్డు, చెమటలోని ఉప్పు ఆ వేడికి క్వార్ట్జ్ గాజులో కాలిపోయి, అక్కడ గాజు స్వభావమే మారిపోతుంది. ఆ మచ్చ దగ్గర వేడి పెరిగి గాజు ఉబ్బుతుంది లేదా చిట్లుతుంది. తగిలితే ఆల్కహాల్‌తో తుడిచి పెట్టొచ్చు. హెచ్4 అంచుకు మూడు చెవులుంటాయి, ఒకే రకంగా కూర్చుంటుంది. చెవి గాడిలో పడకుండా స్ప్రింగు క్లిప్పు బలవంతంగా బిగిస్తే బల్బు వంకరగా నిలిచి వెలుగు చెట్ల మీదికి పోతుంది. వెనక రబ్బరు బూటు పూర్తిగా కూర్చోకపోతే దుమ్ము, తేమ లోపలికి పోతాయి. రెండు బల్బులూ ఒకేసారి మార్చాలి. ఒకటి మాడిందంటే రెండోదాని ఫిలమెంటు కూడా అరిగి సన్నబడే ఉంటుంది.

ఎల్ఈడీ కిట్లు

ఎక్కువగా అమ్ముడయ్యేవీ, ఎక్కువగా మోసం జరిగేదీ ఇక్కడే. హెడ్‌లైట్ రిఫ్లెక్టరులోని ప్రతి వంపూ ఒక సన్నని, గుండ్రని ఫిలమెంటు ఫలానా చోట ఉంటుందని లెక్కవేసి చేసింది. ఎల్ఈడీ బల్బులో వెలుగు ఒక పలక రెండు వైపులా అతికించిన చిప్పుల నుంచి వస్తుంది. పలక మందం ఒక మిల్లీమీటరు ఎక్కువైనా, చిప్పులు ముందుకో వెనక్కో జరిగినా, వెలుగు పై అంచు కత్తిరించినట్టు ఉండాల్సింది పీలికలైపోతుంది. ఎదుటివాళ్ల కళ్లు బైర్లు కమ్ముతాయి, దూరం మాత్రం పెరగదు.

పెరిగినట్టు అనిపిస్తుంది, అది వేరే సంగతి. ఈ కిట్లలో చాలావరకు బంపరు ముందు పది పదిహేను మీటర్ల మేర తెల్లగా వెలుగు పారబోస్తాయి. దగ్గర నేల మెరిసేసరికి కంటిపాప ముడుచుకుంటుంది, దూరంలో ఉన్న మసక వస్తువు ఇంకా మసకబారుతుంది. నడిపే మనిషికి వెలుగు బాగుందనే అనిపిస్తుంది, రోడ్డు దాటే మనిషి మాత్రం ఆలస్యంగా కనపడతాడు. 20,000 ల్యూమెన్లు అని రాసిన పెట్టెను పక్కన పెట్టేయండి. 25 వాట్ల ఎల్ఈడీ వాటుకు 100 ల్యూమెన్లు ఇచ్చినా మొత్తం 2,500, అది కూడా చల్లగా ఉన్న మొదటి నిమిషాల్లో.

మినహాయింపులు ఉన్నాయి. ఆస్రామ్ నైట్ బ్రేకర్ ఎల్ఈడీకి జర్మనీలో 2020లో రోడ్డు అనుమతి వచ్చింది. తర్వాత ఫిలిప్స్ అల్టినాన్ ప్రో6000కూ వచ్చింది. ఆ అనుమతి కూడా ఏ కారుకైనా కాదు, కంపెనీ జాబితాలో ఉన్న కారు నమూనాకు, ఆ హెడ్‌లైట్‌కు మాత్రమే. ఒకే బల్బు ఒక కారులో చక్కగా, ఇంకో కారులో ఘోరంగా పనిచేస్తుందనడానికి ఆ జాబితానే సాక్ష్యం. మీ దేశంలో అనుమతి లేకపోతే తనిఖీలో గానీ ప్రమాద బీమా దగ్గర గానీ చిక్కు రావచ్చు.

అనుమతి ఉండి కొనేవాళ్లు చూడాల్సినవి ఇవి. ప్రొజెక్టర్ హెడ్‌లైట్‌లో (లోపల గుండ్రని కటకం ఉండే రకం) అంచును లోపలి తెర కత్తిరిస్తుంది గనుక మెరుపు బాధ తక్కువ, అయినా మధ్యలో ఉండాల్సిన గట్టి వెలుగు తగ్గిపోవచ్చు. రిఫ్లెక్టరు రకంలో చిప్పులు గడియారంలో 3, 9 అంకెలు ఉండే దిశల్లో అడ్డంగా నిలవాలి, బల్బు మెడ దగ్గర రింగు తిప్పి సరిచేయాలి. వెనక ఫ్యాను ఉంటే రబ్బరు బూటు మూయడం కుదరకపోవచ్చు. బూటుకు కోత పెట్టి వదిలేస్తే మొదటి వానకే లోపల చెమ్మ. మూసేస్తే వేడికి ఫ్యాను చస్తుంది, ఫ్యాను చచ్చాక చిప్పు వెలుగు తగ్గించుకుంటుంది. బల్బు ఎంత కరెంటు లాగుతోందో గమనించే కార్లలో అది మిణుకుమంటుంది, దానికి వేరే అడాప్టరు కావాలి. మంచు పడే చోట్ల ఇంకో ఇబ్బంది: ఎల్ఈడీ ముందు వైపు వేడి పంపదు కనుక గ్లాసు మీద పేరుకున్న మంచు కరగదు.

విడి జెనాన్ కిట్లు

వద్దు. జెనాన్ బల్బులో ఫిలమెంటు ఉండదు, వాయువులో పుట్టే విద్యుత్ మెరుపే వెలుగు. అది 35 వాట్లకే 3,200 ల్యూమెన్ల దాకా ఇస్తుంది, దాన్ని హాలోజన్ రిఫ్లెక్టరులో పెడితే చెదిరిన వెలుగే రెట్టింపవుతుంది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల ప్రకారం 2,000 ల్యూమెన్లు దాటిన లో బీమ్‌కు లైటు కడిగే ఏర్పాటు, తనంతట తాను వాలు సరిచేసుకునే ఏర్పాటు ఉండాలి. విడి కిట్‌తో అవి రావు.

ఫ్యాక్టరీలోనే జెనాన్ వచ్చిన కారు వేరు. ఆ బల్బులు ఒక్కసారిగా మాడవు, ఏళ్ల మీద వెలుగు తగ్గుతూ వస్తుంది, రంగు మారుతుంది. అందుకే యజమానికి తెలియదు. జత మారిస్తే తెలుస్తుంది. డి1ఎస్ రకం బల్బు బదులు డి3ఎస్ రకం పెట్టకూడదు: పాదరసం లేని డి3ఎస్ నడిచే వోల్టేజి వేరు, దానికి కరెంటు ఇచ్చే పెట్టె (బ్యాలస్ట్) వేరు. వెలిగించేటప్పుడు 20,000 వోల్టులకు పైగా పుడుతుంది కాబట్టి స్విచ్ ఆపి, బ్యాటరీ తీగ తీసి గానీ చెయ్యి పెట్టకూడదు.

ఫ్యాక్టరీ ఎల్ఈడీ ఉంటే ఇక చింత లేదనుకోవడం కూడా పొరపాటే. అమెరికా బీమా కంపెనీల సంస్థ ఐఐహెచ్ఎస్ 2016లో మధ్యతరహా కార్లు 31 పరీక్షిస్తే, హెడ్‌లైట్లలో మంచివి అనిపించుకున్నది టొయోటా ప్రియస్ వి ఒక్కటే. ఖరీదైన కార్లలో కూడా తక్కువ మార్కులు వచ్చాయి.

వాలు సరిచేయడం

బల్బు మార్చినా, హెడ్‌లైట్ విప్పినా, స్ప్రింగులు మార్చినా ఇది చేయాలి. ఏ వస్తువూ కొనక్కర్లేదు. టైర్లలో గాలి సరిచూసి, ట్యాంకు సగం నింపి, డ్రైవరు సీట్లో ఒక మనిషి కూర్చోవాలి. లోపల వాలు మార్చే చక్రం ఉంటే 0 మీద పెట్టాలి. చదునైన నేల మీద గోడకు సరిగ్గా ఎదురుగా, హెడ్‌లైట్ నుంచి 10 మీటర్ల దూరంలో కారు ఆపాలి. ఒక్కో హెడ్‌లైట్ నడిమి బిందువు ఎత్తు కొలిచి గోడ మీద టేపుతో గుర్తు పెట్టాలి. ఎంత వాలు ఉండాలో హెడ్‌లైట్ మీదో బానెట్ కిందో 1.0 లేదా 1.2 శాతం అని రాసి ఉంటుంది. 1.0 అయితే వెలుగు పై అంచు ఆ గుర్తుకు 10 సెంటీమీటర్లు కింద, 1.2 అయితే 12 సెంటీమీటర్లు కింద ఉండాలి. 10 మీటర్ల జాగా లేకపోతే 5 మీటర్ల దగ్గర సగం లెక్క, కానీ తప్పు కూడా రెట్టింపు.

ఒక లైటును గుడ్డతో కాసేపు కప్పి రెండోది సరిచేయాలి, ఎక్కువసేపు ఉంచితే గ్లాసు వేడెక్కుతుంది. వెనక రెండు స్క్రూలు ఉంటాయి: ఒకటి పైకీ కిందికీ, ఇంకోటి పక్కలకు. లోపల నైలాన్ పళ్లచక్రాలు, పాత కార్లలో బలవంతంగా తిప్పితే విరుగుతాయి. ముందు కొంచెం సిలికాన్ స్ప్రే కొట్టి మెల్లగా తిప్పాలి. అంచు పైకి లేచే మూల హెడ్‌లైట్ మధ్య గీతకు సూటిగా ఉండాలి. ఇంకొంచెం దూరం కనపడాలని అర డిగ్రీ పైకి ఎత్తితే, 1 శాతం వాలు దాదాపు మొత్తం పోయి వెలుగు నేలకు సమాంతరమవుతుంది. ఎదురొచ్చేవాడి కంటికి అది హై బీమే. కెమెరాతో ఎదురు వాహనాలను చూసి వెలుగును తనంతట తాను మలుచుకునే లైట్లను స్క్రూతో ముట్టుకోకూడదు, స్కానర్‌తో క్యాలిబ్రేషన్ చేయాల్సిందే.

పసుపు రాత్రి కళ్లజోళ్లు కూడా హెడ్‌లైట్ సామాన్ల పక్కనే వేలాడుతుంటాయి కాబట్టి వాటి సంగతి కూడా. మెరుపు తగ్గినట్టు అనిపించేది అవి వెలుగులో కొంత భాగాన్ని ఆపేస్తాయి కనుక, ఆ ఆపిన వెలుగులోనే ముదురు బట్టల మనిషి కూడా ఉంటాడు. ఎదురు లైట్ల చుట్టూ వలయాలు కనపడుతుంటే మొదట కారు ముందు అద్దం (విండ్‌షీల్డు) లోపలి వైపు చూడండి. డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ నుంచి వచ్చే ఆవిరి అక్కడ సన్నని జిడ్డు పొర కడుతుంది. మైక్రోఫైబర్ గుడ్డకు ఆల్కహాల్ అద్ది ఒకసారి, పొడి గుడ్డతో ఇంకోసారి తుడిస్తే పోతుంది. వైపర్ రబ్బరు గీతలు పెడుతుంటే అది మార్చాలి. ఇంకా వలయాలు మిగిలితే చూపించుకోవాల్సింది కంటి డాక్టరుకు.